విటమిన్ ఎ పట్టిస్తే ఆసుపత్రి ఇన్ఫెక్షన్ రాకుండా ఉండేదా?

ప్రశ్న: మా చెల్లెలికి ఏడో నెలలోనే కాన్పు అయింది. 900 గ్రాముల బరువుతో పుట్టిన బాబును ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉంచారు. పన్నెండో రోజున రక్తంలో ఇన్ఫెక్షన్ చేరిందని, అది ఆసుపత్రిలో అంటుకున్నదేనని డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు కోలుకుంటున్నాడు. ముందే విటమిన్ ఎ ఇచ్చి ఉంటే ఇదంతా వచ్చేది కాదని బంధువులు అంటున్నారు. పిల్లలకు పోసే ఆ సిరప్‌ను ఇంటికి వచ్చాక మేమే కొంచెం పట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పట్టకండి. ఆ సిరప్‌లో మిల్లీలీటరుకు 1 లక్ష యూనిట్లు ఉంటాయి. సీసాతో వచ్చే చెంచాలో సగం గీత దాకా పోస్తే 1 మిల్లీలీటరు. అది తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టు టీకాతో పాటు ఇచ్చే మోతాదు. కిలో కూడా లేని బిడ్డకు ‘కొంచెం’ అన్నా చాలా ఎక్కువే. మోతాదు మించితే వాంతులవుతాయి, తలలో ఒత్తిడి పెరిగి మాడు ఉబ్బుతుంది.

మీ బంధువుల మాటకు ఆధారం లేకపోలేదు. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా, నోటి నుంచి పేగుల దాకా ఉండే లోపలి పొరను విటమిన్ ఎ తడి ఆరకుండా కాపాడుతుంది. తీవ్రమైన తట్టుతో కేప్‌టౌన్ ఆసుపత్రిలో చేరిన 189 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 1990లో వెలువడింది. అందులో విటమిన్ ఎ ఇవ్వని 97 మందిలో 10 మంది, ఇచ్చిన 92 మందిలో ఇద్దరు చనిపోయారు. అయితే ఆ ఫలితాన్ని నెలలు నిండని బిడ్డకు వచ్చిన సెప్సిస్‌కు, అంటే రక్తంలో చేరిన ఇన్ఫెక్షన్‌కు, అంటగట్టలేము. కిలో లోపు బరువున్న 807 మంది శిశువులకు సంబంధించి 1999లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, వారానికి మూడుసార్లు 5,000 యూనిట్ల చొప్పున నాలుగు వారాలు కండరానికి ఇంజెక్షన్ ఇస్తే, మరణం లేదా దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు 62 శాతం నుంచి 55 శాతానికి తగ్గింది. సెప్సిస్ మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు.

ఇందులో ఆశ్చర్యం లేదు. గోడను ఎంత గట్టిగా కట్టుకున్నా, మందుల కోసం దానికి కన్నం పెట్టక తప్పని పరిస్థితి ఆ బిడ్డది. సెలైన్ గొట్టం గుచ్చిన చోటు, కాగితంలా పలచని చర్మం, శ్వాసకు పెట్టిన ట్యూబు: సూక్ష్మక్రిములు ఎక్కువగా వచ్చేది ఈ దారుల్లోనే, అదీ చాలాసార్లు మనుషుల చేతుల మీదుగానే. ఒకవేళ ఇన్ఫెక్షన్ వచ్చాక చేసిన పరీక్షలో విటమిన్ ఎ తక్కువగా ఉందని తేలినా, అదే కారణమనుకోకండి. ఇన్ఫెక్షన్ వల్ల కూడా రక్తంలో దాని స్థాయి పడిపోతుంది.

కాబట్టి మీ శ్రద్ధ చేతుల మీద పెట్టండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే లోపలికి వెళ్లండి. బాబును ముట్టుకునే ప్రతిసారీ శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోండి. ఆ గొట్టం ఇంకా అవసరమా అని రోజూ డాక్టర్‌ను అడగండి. సిబ్బంది నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం వద్దు. మంచి నర్సు ఆ ప్రశ్నకు సంతోషిస్తుంది. డాక్టర్లు సరేనంటే మీ చెల్లెలు పాలు పిండి పంపాలి, బాబును గుండెకు హత్తుకుని కంగారూ సంరక్షణ ఇవ్వాలి.

సిరప్ సంగతి తొమ్మిది నెలలు నిండాక టీకా రోజున చూసుకోవచ్చు. నెలలు ముందే పుట్టినా ఆ లెక్క పుట్టిన తేదీ నుంచే.