టెక్ సందేహాలు: కాటా దగ్గర రాసిన లెక్క బ్రౌజర్లో ఎక్కడ దాచాలి?

ప్రశ్న: మాది గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ దుకాణం. రైతు పేరు, మిర్చి రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం ఫోన్లోనే రాసుకునేలా బ్రౌజర్లో నడిచే యాప్ మేమే తయారు చేసుకుంటున్నాం. సీజన్లో మా దగ్గర నెట్ సరిగా అందదు, అయినా పని ఆగకూడదు. ఇప్పుడు అంతా బ్రౌజర్లోని లోకల్‌స్టోరేజ్ అనే చిన్న నిల్వలో పెడుతున్నాను. డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ బాగా తెలిసిన మా అన్నయ్య, ఆ భాషతో నడిచే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పెట్టమంటాడు. నా స్నేహితుడు బ్రౌజర్లోనే ఉండే డేటాబేస్ ఇండెక్స్‌డ్‌డీబీ అంటాడు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు లోకల్‌స్టోరేజ్‌లోంచి బయటికి రండి. ఒక సైటుకు అది ఇచ్చే చోటు సుమారు 5 ఎంబీ. చోటు చాలకపోవడం ఒక్కటే దాని లోపం కాదు. అందులో అక్షరాలు తప్ప ఇంకేమీ నిలవవు కాబట్టి, ఒక్క టిక్కీ చేర్చాలన్నా జాబితా మొత్తాన్ని తీసి, మార్చి, మళ్లీ మొత్తం రాయాలి. రాస్తున్నంత సేపూ తెర కదలదు. అదే యాప్ రెండు ట్యాబుల్లో తెరిచి ఉంటే ఇంకా ప్రమాదం. మొదటి ట్యాబులో రాసిన తూకాన్ని, పాత జాబితా పట్టుకుని కూర్చున్న రెండో ట్యాబు చెరిపేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. సాయంత్రం పట్టీ వేసేటప్పుడు రైతు ‘నావి 42 టిక్కీలు కదా’ అంటే, మీ దగ్గర 41 ఉంటాయి. థీమ్ రంగు, భాష లాంటి చిన్న సెట్టింగులకు లోకల్‌స్టోరేజ్ చాలు, లెక్కలకు వద్దు.

నా ఓటు మీ స్నేహితుడికే. ఇండెక్స్‌డ్‌డీబీ 2015 జనవరిలో, వెబ్ ప్రమాణాలు తయారు చేసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ఖరారైంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోనూ ఉంది, విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు. ఒక్కో తూకం ఒక్కో రికార్డుగా ఉంటుంది. త్వరగా వెతికేందుకు రైతు వారీగా, తేదీ వారీగా ఇండెక్సులు పెట్టుకోవచ్చు. స్లిప్పు ఫోటో తీసి రికార్డుతో పాటే దాచుకోవచ్చు. దాన్ని నేరుగా వాడి కోడ్ రాయడం మాత్రం విసుగు పుట్టిస్తుంది, అందుకే పైన ఆ పని తేలిక చేసే డెక్సీ లాంటి లైబ్రరీ పెట్టుకోండి. ఒక్క చోట చాలామంది పడతారు: ట్రాన్సాక్షన్ (రాస్తే అన్నీ రాసే, లేకపోతే ఏదీ రాయని కట్ట) తెరిచి, మధ్యలో సర్వర్‌కు ఫెచ్‌తో అభ్యర్థన పంపి, జవాబు వచ్చాక మిగతాది రాద్దామనుకుంటారు. ఆ జవాబు వచ్చేలోపే ట్రాన్సాక్షన్ తనంతట తాను ముగిసిపోయి ఉంటుంది. నెట్ పని వేరుగా, రాత పని వేరుగా చేయండి.

అలాగని మీ అన్నయ్య మాట తీసిపారేసేది కాదు. 2022 చివరి నుంచి ఎస్‌క్యూలైట్ బృందమే వెబ్‌అసెంబ్లీ (వేరే భాషల్లో రాసిన ప్రోగ్రాములను బ్రౌజర్లో నడిపే పద్ధతి) రూపంలో బ్రౌజర్‌కు తమ డేటాబేస్‌ను అందిస్తోంది. ఓపీఎఫ్ఎస్ అనే బ్రౌజర్ సొంత ఫైల్ నిల్వలో అది నిజమైన డేటాబేస్ ఫైలులా ఉంటుంది. పట్టికలు కలిపే జాయిన్లు, వారీగా కూడే గ్రూప్ బైలు అన్నీ పనిచేస్తాయి. కానీ దాన్ని వర్కర్‌లో, అంటే తెరతో సంబంధం లేకుండా వెనక విడిగా నడిచే కోడ్‌లో, నడపాలి. ఓపీఎఫ్ఎస్‌తో వాడే ఒక పద్ధతికి సర్వర్ నుంచి ప్రత్యేక హెడర్లు (పేజీతో పాటు బ్రౌజర్‌కు పంపే సూచనలు) కావాలి. హెడర్లు అక్కర్లేని మరో పద్ధతి ఎంచుకుంటే, ఒకేసారి రెండు ట్యాబుల్లో తెరవడం కుదరదు. కాటా దగ్గర రాసేది రోజుకు కొన్ని వందల వరుసలు, వాటికి ఇంత సరంజామా అక్కర్లేదు. మిర్చిలో తేజ ఎంత, బాడిగ ఎంత, తాలు ఎంత అనే నెలవారీ లెక్కలు సర్వర్లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పెట్టి తీయండి. మీ అన్నయ్యకు వచ్చిన ఎస్‌క్యూఎల్ అంతా అక్కడ అక్కరకొస్తుంది, ఆ పని ఆయనకే అప్పగించండి.

మీరు అడగని మాట ఒకటుంది, నాకు అసలు టెన్షన్ దాని గురించే. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా బ్రౌజర్లోని నిల్వ శాశ్వతం కాదు. ఫోన్లో చోటు తగ్గితే బ్రౌజరే కొన్ని సైట్ల డేటాను తీసేయగలదు. మీ కోడ్‌లో నావిగేటర్.స్టోరేజ్.పర్సిస్ట్ అని అడిగితే, బ్రౌజర్ ఒప్పుకున్న చోట తనంతట తాను తీసేయదు. మనిషి తుడిచేస్తే మాత్రం ఎవరూ ఆపలేరు. కొన్నేళ్ల కిందట తెనాలిలో మా పిన్ని వాళ్ల ఎరువుల దుకాణానికి బాకీల యాప్ రాసిచ్చాను. లెక్క మొత్తం బ్రౌజర్లోనే పెట్టాను. ఫోన్ నెమ్మదించిందని దుకాణంలో కుర్రాడు క్లియర్ డేటా నొక్కాడు. రెండు నెలల బాకీలు పోయాయి. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. వచ్చిన ప్రతి రైతునీ అడిగి పుస్తకంలో మళ్లీ రాసుకుంది. ఆ పుస్తకం గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే మీ ఇండెక్స్‌డ్‌డీబీలో రెండు స్టోర్లు పెట్టండి. ఒకటి తూకాలకు, రెండోది ‘పంపాల్సినవి’కి. కాటా దగ్గర నొక్కగానే ఒకే ట్రాన్సాక్షన్లో రెండింట్లోనూ రాయండి. నెట్ రాగానే రెండో దాంట్లోంచి ఒక్కొక్కటీ సర్వర్‌కు పంపి, ‘అందింది’ అని జవాబు వచ్చాకే అక్కడ తీసేయండి. రికార్డుకు 1, 2, 3 అని నంబర్లు ఇవ్వకండి. నెట్ లేనప్పుడు రెండు ఫోన్లూ 57 అనే నంబరే ఇస్తాయి. క్రిప్టో.రాండమ్‌యూయూఐడీతో ఫోన్లోనే ఐడీ పుట్టించండి. జవాబు దారిలో తప్పిపోతే అదే తూకం మళ్లీ వెళ్తుంది. ఆ ఐడీ అప్పటికే ఉంటే సర్వర్ రెండోసారి రాయకూడదు, లేకపోతే రైతు ఖాతాలో టిక్కీలు రెట్టింపవుతాయి. డబ్బును పైసల్లో, తూకాన్ని గ్రాముల్లో పూర్ణాంకాలుగా దాచండి. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. ఇంకా పంపనివి ఎన్ని ఉన్నాయో తెర పైన పెద్ద అంకెలో కనబడనివ్వండి. ఆ అంకె సున్నా అయ్యాకే గుమస్తా ఇంటికి వెళ్లాలి.

ప్రశ్న: మా ల్యాబ్ మాన్యువల్లో, బ్రౌజర్లోనే ఎస్‌క్యూఎల్ నడిపే వెబ్ ఎస్‌క్యూఎల్ ప్రయోగం ఉంది. ఓపెన్‌డేటాబేస్ అని రాస్తే క్రోమ్‌లో ఎర్రర్ వస్తోంది. తప్పు నాదేనా? – ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: మీది కాదమ్మా. వెబ్ ఎస్‌క్యూఎల్ మీద పనిని డబ్ల్యూ3సీ 2010 నవంబరులోనే ఆపేసింది. ప్రమాణం కావాలంటే వేర్వేరుగా రాసిన అమలులు ఉండాలి, దాన్ని పెట్టిన వాళ్లంతా ఎస్‌క్యూలైట్‌నే లోపల వాడారు. ఫైర్‌ఫాక్స్ ఎన్నడూ తీసుకోలేదు, సఫారీ 2019లో వదిలేసింది, క్రోమ్ 2023లో 119వ వెర్షన్ నుంచి తొలగించింది. మీ మేడమ్‌కు ఈ సంగతి చెప్పి, అదే ప్రయోగాన్ని ఇండెక్స్‌డ్‌డీబీతో చేస్తానని అడగండి.

ప్రశ్న: ఐఫోన్ సఫారీలో ఒక వెబ్ యాప్‌లో ఇంటి ఖర్చులు రాసుకుంటాను. పదిహేను రోజులు తెరవలేదు, మొత్తం మాయం. – గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: 2020 నుంచి సఫారీలో ఒక నియమం ఉంది. మీరు సఫారీ వాడుతూ ఏడు రోజుల పాటు ఒక సైటు జోలికి వెళ్లకపోతే, ఆ సైటు స్క్రిప్టులు దాచిన డేటాను అది తీసేస్తుంది. పోయినవి మళ్లీ రావు, ఆ యాప్ సర్వర్లో కాపీ ఉంచుకుంటే తప్ప. ఇకపై షేర్ గుర్తు నొక్కి ‘యాడ్ టు హోమ్ స్క్రీన్’ చేసి, అక్కడి నుంచే తెరవండి. ఏడు రోజుల కోత దానికి వర్తించదు. అయితే ఆ ఐకాన్ నుంచి తెరిచే యాప్‌కు నిల్వ వేరుగా ఉంటుంది. సఫారీలో మళ్లీ ఏమైనా రాసి ఉంటే, ముందు దాన్ని ఫైలుగా దించుకుని తర్వాత మారండి.