మొహాలు నల్లగా, కృష్ణజింక బూడిదగా: కెమెరా తప్పు కాదు

ఒడిశా గంజాం జిల్లాలోని గోపాలపూర్ బీచిలో పొద్దున తీస్తే మొహాలు నల్లబడ్డాయి, అదే జిల్లా భేట్నోయి పొలాల్లో మగ కృష్ణజింక మాత్రం నలుపు పోయి బూడిదగా వచ్చింది, కెమెరా రిపేరుకివ్వాలా అని అడిగారు. అక్కర్లేదు. రెండిటికీ కారణం ఒకటే.

కెమెరాలోని మీటరు వెలుగెంతో కొలుస్తుంది గానీ ఎదురుగా ఉన్నది తెల్లదో నల్లదో దానికి తెలీదు. ఏది చూపినా అది మధ్యస్థ బూడిద రంగు, అంటే తన మీద పడ్డ వెలుగులో 12 నుంచి 18 శాతం వెనక్కి పంపేది అనుకుని లెక్క కడుతుంది. పొద్దున సముద్రం వైపు తిరిగితే ఫ్రేమంతా ఆకాశమే, కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) తగ్గిస్తుంది. నల్ల జింక ఫ్రేము నిండితే పెంచుతుంది.

బీచిలో స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక చిన్న చోటే కొలిచే పద్ధతి) పెట్టి, మొహం మీద కొలిచి, ఆ కొలతని పట్టి ఉంచే ఏఈ లాక్ నొక్కి ఫ్రేము కట్టండి. చామనఛాయ దాదాపు ఆ బూడిద స్థాయిలోనే ఉంటుంది, పచ్చటి మేనికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 (ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుగు) వరకూ ఇవ్వండి. చాలా కెమెరాల్లో స్పాట్ ఫ్రేము మధ్యలోనే కొలుస్తుంది, ఫోకస్ పాయింటు దగ్గర కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆకాశం తెల్లబోతుంది, అదీ కావాలంటే ఫ్లాష్ వేయాల్సిందే.

జింకకి −1 పెట్టండి. అది దూరంగా చిన్నగా ఉంటే మార్చొద్దు, అప్పుడు మీటరు చూసేది పొలాన్నే.

మిర్రర్‌లెస్‌లో ఫొటో తీసే సెన్సరే వెలుగూ కొలుస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్ దగ్గర వేరే సెన్సర్ ఉంటుంది. ట్రైపాడ్ మీద పెట్టి కన్ను తీసేస్తే ఐపీసులోంచి ఎండ దూరి కొలత పెరుగుతుంది, ఫొటో చీకటవుతుంది. ఐపీసుకి మూత పెట్టండి, లేదా చేయి అడ్డం పెట్టండి.

పెళ్ళిళ్ళలో ఎర్ర బరంపురం పట్టు తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఫొటోలో చీకటి ఎంతో (ఎడమన) వెలుగు ఎంతో (కుడిన) చూపే మామూలు హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చ రంగుదే పైచేయి, అందుకే ఎరుపు ఇక పట్టనంతగా నిండిపోయినా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు గీత కుడి అంచుకి ఆనుకుందేమో చూడండి. ఆనుకుంటే −2/3 తగ్గించి మళ్ళీ తీయండి. ఆ హిస్టోగ్రామ్ జేపెగ్ నుంచి లెక్కేసింది, కాబట్టి సెన్సర్ పట్టిందంతా ఉంచుకునే రా ఫైలులో ఇంకొంచెం మిగిలే ఉంటుంది. కానీ పిక్సెల్ నిజంగా నిండిపోతే ఆ పైన పడ్డ వెలుగుకి లెక్కే ఉండదు, మడతలూ కుంభం అంచూ ఒకే ఎర్ర ముద్దగా మిగులుతాయి. నీడల్ని తర్వాత లేపుకోవచ్చు, కాస్త నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుంది అంతే.