బుజ్జిగాడికి టైమ్ నేర్పే ముందు

చి.ల.సౌ. సుజాతకు,

కాకినాడ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

రెండో తరగతి సగమైనా బుజ్జిగాడికి గడియారం చూడటం రాలేదని, వాళ్ళ మిస్సు డైరీలో రాసి పంపిందని మొన్న ఫోన్లో వాపోయావు. ఫోన్లో చెబితే ఓ చెవి కుక్కర్ విజిల్ మీదే ఉంచుతావు, అందుకే రాస్తున్నాను. చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, ఆపాటి చనువు ఉందిలే.

ముందు ఆ గడియారం జోలికి పోకు. ఐదు నిమిషాలంటే ఎంతసేపో తెలియని పిల్లాడికి ముళ్ళు చూపించి లాభం లేదు. అది తెలియకపోవడంలో మన పుణ్యమూ ఉంది. "ఐదు నిమిషాల్లో వచ్చేస్తా నాన్నా" అని మేడ మీదికెళ్ళి అరగంటకి దిగుతాం. "రెండు నిమిషాలాగు" అని పావుగంట నిలబెడతాం. అదే వాడు టీవీ ముందు కూర్చుని "ఐదు నిమిషాలమ్మా" అంటే మాత్రం లెక్కపెట్టి మరీ కట్టేస్తాం. ఇక వాడికి నిమిషమంటే ఏం అర్థమవుతుంది? కొన్నాళ్ళు నువ్వూ అల్లుడుగారూ నోటితో అన్న నిమిషాలకి కట్టుబడి ఉండండి. పావుగంట పట్టేదానికి పావుగంటనే చెప్పండి. వాడు ఏడ్చినా సరే.

తర్వాత అంచనా. ఇంట్లో రోజూ ఇంచుమించు ఒకేలా పట్టే పనులుంటాయి కదా, వాటితో మొదలుపెట్టు. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి ఆవిరి రాగానే "ఎంతసేపట్లో ఉడుకుతాయిరా?" అని అడుగు. "రెండు నిమిషాలు" అంటాడు, లేదా "గంట" అంటాడు. తప్పనకు, నవ్వకు. దించేటప్పుడు "పన్నెండు నిమిషాలు పట్టింది" అని ఊరుకో. బకెట్ నిండటానికి, బూట్లు వేసుకోవడానికి, వీధి చివర కొట్టుకెళ్ళి పెరుగు ప్యాకెట్ తేవడానికి కూడా ఇలాగే ముందు వాడి మాట, తర్వాత అసలు లెక్క. కొన్నాళ్ళకి వాడే "ఇడ్లీకి పది" అంటాడు. అప్పుడు చూడు వాడి ముఖం.

ఇంకో ఆట ఉంది. కళ్ళు మూసుకుని కూర్చోమను, ఒక నిమిషం అయిందనిపించగానే లేవమను. పిల్లలు చాలామంది సగం నిమిషానికే లేచి నిలబడతారు. నువ్వూ కూర్చుని చూడు, పెద్దవాళ్ళం మనమేం గొప్పగా చెప్పం.

ఇవన్నీ కాస్త పట్టుబడ్డాక గడియారం. బడిలో అట్టముక్కతో చేయించే గడియారం నాకు మొదటినుంచీ గిట్టదు. అందులో పెద్ద ముల్లు తిప్పితే చిన్నది కదలదు. పిల్లాడు చిన్న ముల్లుని సరిగ్గా నాలుగు మీద పెట్టి, పెద్దదాన్ని ఆరు మీద పెట్టి "నాలుగున్నర" అంటాడు, టీచరు రైటు కొడుతుంది. నిజం గడియారంలో నాలుగున్నరకి చిన్న ముల్లు నాలుగుకీ ఐదుకీ నడిమధ్య ఉంటుంది. ఆ సంగతి వాడికెప్పుడు తెలియాలి?

అటక మీద పాత గోడ గడియారం ఒకటుంటుంది, దింపు. అద్దం ఊడదీసి పైనున్న సెకన్ల ముల్లు, దాని కిందున్న పెద్ద ముల్లు మెల్లిగా లాగేయి. కొన్నిటికి మధ్యలో చిన్న నట్టు ఉంటుంది, అది విప్పాలి. అడుగున చిన్న ముల్లు ఒక్కటే మిగులుతుంది. బ్యాటరీ వేసి వాడికి కనబడేచోట తగిలించు. ఆ ఒక్క ముల్లుతోనే "నాలుగు దాటింది", "ఐదు కావస్తోంది", "సరిగ్గా మధ్యలో ఉంది, నాలుగున్నర" అని చెప్పడం వచ్చేదాకా పెద్ద ముల్లు మాటెత్తకు. సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది. నాలుగూ యాభైని ఐదూ యాభై అని చదవని పిల్లాడు లేడు, చిన్న ముల్లు ఐదుని దాదాపు ఆనుకుని ఉంటుంది మరి. "ఐదు దాటిందా, దాటబోతోందా?" అని అడిగితే చాలు, ఒంటి ముల్లుతో నేర్చినవాడు తనే దిద్దుకుంటాడు.

నిమిషాలకి ఐదో ఎక్కం వచ్చి ఉండాలి. ఒకటి మీద వేలు పెట్టి ఐదొకట్ల ఐదు, రెండు మీద పెట్టి ఐదు రెళ్ళు పది, అలా పన్నెండు దాకా పాడించు. పావు, అర, ముప్పావు తర్వాత. "పావు తక్కువ ఐదు" అన్నిటికన్నా ఆఖరున, అందులో తీసివేత దాగి ఉంది. పదిహేడూ నలభై లాంటి రైల్వే టైమ్ ఇప్పుడే అక్కర్లేదు.

గంటన్నర అంటే ఏమిటో చెప్పాలంటే మీ అత్తగారి క్యాలెండరే ఉంది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. అదెంతసేపో వాణ్ణే ముల్లు మీద లెక్కపెట్టి నాయనమ్మకి చెప్పమను, ఆవిడా మురిసిపోతుంది.

సెలవుల్లో వాణ్ణి పంపితే మా పెరట్లో కర్ర పాతి నీడ చూపిస్తాను. మన దేశపు టైమ్‌కి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్లోనే పోతుంది. అందుకని ఇక్కడ నీడ ఇంచుమించు పన్నెండుకే పొట్టిదవుతుంది, మీ హైదరాబాదులో మరో పావుగంట ఆగాలి. ఏడాదిలో అటూ ఇటూ జరుగుతుందనుకో. అది వాడికి ఇప్పుడే అర్థం కాకపోయినా కర్ర పాతడం సరదాగా ఉంటుంది.

పుట్టినరోజుకి వాచీ కొంటానన్నావు. అంకెలు మెరిసేది వద్దు, రోమన్ అంకెలదీ వద్దు. ఒకటి నుంచి పన్నెండు దాకా అన్ని అంకెలూ, మధ్యలో నిమిషాల గీతలూ ఉన్న ముళ్ళ వాచీ చూడు. బెల్టుకి ఇంకో రెండు కన్నాలు ఎక్కువ పెట్టించు, వాడి మణికట్టు సన్నం.

ఉంటాను,
పెద్దమ్మ