నమోదు చేసుకున్నాం, పిలుపేదీ?

ఉద్యోగ సలహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. ఏడాదిగా రెండు మూడు ఉద్యోగ పోర్టళ్లలో పేరు నమోదు చేసుకుని, ఫోన్‌లోనే దరఖాస్తులు పంపుతున్నాను. ఒక్క చోటి నుంచి కూడా జవాబు రాలేదు. ఇదంతా మోసమని, కంపెనీలో మనవాళ్లుంటే తప్ప ఉద్యోగం రాదని నాన్నగారు అంటున్నారు. ఆన్‌లైన్ దరఖాస్తులు మానేయమంటారా? (బయోడేటా జతచేశాను.)
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: మానేయవద్దమ్మా. అలాగని మీ నాన్నగారి మాటను కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు, ఎందుకంటే ఆయన తరం చూసిన పద్ధతి వేరు. అప్పట్లో జిల్లా ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకుంటే కార్డు ఇచ్చేవారు. దాన్ని గడువులోగా రెన్యువల్ చేయించుకుంటూ ఉంటే, సీనియారిటీ ప్రకారం ఎప్పటికైనా ఇంటికి కాల్ లెటర్ వస్తుందని ఎదురుచూసేవారు. ఖాళీలను ఆ కార్యాలయాలకు తెలియజేయాలని ప్రభుత్వ సంస్థలకూ, 25 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలకూ 1959 నాటి చట్టం విధించింది. వరుసలో ఉంటే వంతు వస్తుందన్న ఆ నమ్మకం మన ఇళ్లలో ఇంకా బలంగానే ఉంది. నౌకరీ డాట్ కామ్ 1997లోనే మొదలైంది, కేంద్ర ప్రభుత్వం 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌ను తెచ్చింది. అయినా నాకు ఉత్తరాలు రాసే పిల్లల్లో చాలామంది ఒకసారి నమోదు చేసుకుని, ఇక పిలుపు రావడమే తరువాయి అన్నట్టు కూర్చుంటున్నారు.

పోర్టల్‌లో వరుస ఉండదు. ఉద్యోగులను ఎంపిక చేసేవారు చదువు, ఊరు, అనుభవం, తమకు కావలసిన పని పేర్లు టైపు చేసి వెతుకుతారు. ఆ మాటలున్న బయోడేటాలే వారి కంటబడతాయి, వాటిలోనూ ఈ మధ్య సవరించినవాటికే సాధారణంగా ముందు చోటు దక్కుతుంది. ఏడాది క్రితం పెట్టి వదిలేసిన ప్రొఫైల్ అడుగున పడిపోతుంది.

ఇక మీ బయోడేటా సంగతి. అది నెట్ సెంటర్‌లో తయారైనదని చూడగానే తెలుస్తోంది. పైన నాలుగు వరుసల నిండా కష్టపడే తత్వం, నిజాయితీ, త్వరగా నేర్చుకునే గుణం అని ఉంది. మూడేళ్లు చదివిన కెమిస్ట్రీకి మాత్రం దక్కింది ఒక్క వరుస. ల్యాబ్‌లో మీరు చేసిన టైట్రేషన్లు, వాడిన పీహెచ్ మీటరు, రాసిన రికార్డు ఎక్కడా లేవు. క్వాలిటీ కంట్రోల్ విభాగానికి మనుషులు కావలసినవారు వెతికేది ఆ మాటల కోసమే. పైగా కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి జతచేశారు. ఫొటోలోని అక్షరాలను కంప్యూటరు కొన్నిసార్లు చదవలేకపోతుంది. వర్డ్‌లో టైపు చేయించి, అందులోంచే పీడీఎఫ్ తీయించండి. నిజంగా చేతనైన పనులనే రాయండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న వాటి మీదే వస్తుంది. పని చేయదలచిన చోటు అన్న గడిలో శ్రీకాకుళం ఒక్కటే నింపారు. విజయనగరం, విశాఖపట్నం కూడా చేర్చండి.

పైడిభీమవరంలోని మందుల కంపెనీలు వాక్-ఇన్ ఇంటర్వ్యూలు ప్రకటించినప్పుడు సర్టిఫికెట్లు పట్టుకుని స్వయంగా వెళ్లండి. షిఫ్టులు, కంపెనీ బస్సు, హాస్టల్ గురించి అక్కడే అడిగి తెలుసుకోవచ్చు. ఆడపిల్లను పంపే ఇంట్లో మొదట తేలవలసిన విషయాలు అవే. తెలిసినవారు ఉంటే చెప్పించుకోవడంలోనూ తప్పు లేదు. తమ ఉద్యోగులు సూచించిన అభ్యర్థులను పిలిచే పద్ధతి పెద్ద కంపెనీల్లో అధికారికంగానే ఉంది, కాబట్టి నాన్నగారి మాట సగం నిజమే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. జవాబు రాలేదంటే మీరు పనికిరారని కాదు. ఆ దరఖాస్తును ఎవరూ తెరిచి ఉండకపోవచ్చు. ఎంపిక కాలేదని రెండు ముక్కలు పంపడం కంపెనీలకు కష్టమేమీ కాదు. పంపకపోవడం వారి తప్పే గానీ మీది కాదు.

ప్రశ్న: మా అబ్బాయిని వాట్సాప్‌లోనే ఇంటర్వ్యూ చేసి, ఆఫర్ లెటర్ పంపారు. శిక్షణ కోసం డిపాజిట్ కట్టాలని, తర్వాత తిరిగి ఇస్తామని అంటున్నారు. కట్టవచ్చా?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: కట్టవద్దండీ. ఉద్యోగం ఇచ్చేవారు జీతం ఇస్తారే గానీ ముందుగా డబ్బు అడగరు. ఆ లెటర్ మీద ఉన్న కంపెనీ పేరును బట్టి దాని అసలు వెబ్‌సైట్ వెతికి, అక్కడ కనిపించే నంబరుకు ఫోన్ చేయండి; లెటర్ మీద అచ్చయిన నంబరుకు చేస్తే ఆ మనుషులే ఎత్తుతారు. ఆధార్, పాన్ నకళ్లు, ఓటీపీలు పంపవద్దని అబ్బాయికి చెప్పండి. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.