క్వాంటైజర్‌కు స్వరాలు తెలుసు, షడ్జమం తెలియదు

మీరు మాడ్యులర్ సింథసైజర్‌లో (మాడ్యూళ్లను వైర్లతో కలిపి ధ్వని పుట్టించే వాయిద్యంలో) నాయిస్ నుంచి శాంపిల్ అండ్ హోల్డ్‌తో, అంటే దెబ్బదెబ్బకూ ఒక విలువను పట్టి నిలిపే మాడ్యూల్‌తో, యాదృచ్ఛిక వోల్టేజీలు తీసి, వాటిని స్వరాలకు సర్దే క్వాంటైజర్‌లో మోహన రాగ స్వరాలు ఐదే ఉంచారు. అపస్వరం ఒక్కటీ పడడం లేదు, అయినా వింటే సంగీతంలా లేదు, ఎందుకని అడిగారు. నేనూ సరిగ్గా అక్కడే రెండు నెలలు ఆగిపోయాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది విజయనగరం. అమ్మ ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల అది. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారూ ఆ కుర్చీలో కూర్చున్నారు. నేను ఎలక్ట్రానిక్స్ వైపు వెళ్లాను. అసలు మాడ్యూళ్లు కొనే స్తోమత లేక, వాటిని కంప్యూటర్‌లోనే నడిపే, ఉచితంగా దొరికే వీసీవీ ర్యాక్ సాఫ్ట్‌వేర్‌ను పాత ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని నేర్చుకున్నాను. ఒకరోజు రాత్రి మీలాంటి ప్యాచే (మాడ్యూళ్ల అమరిక) నడుస్తోంది. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ పది నిమిషాలు విని, “స్వరాలు మోహనవే. ఇందులో షడ్జమం ఏదిరా?” అంది. సున్నా వోల్టు దగ్గర ఉందని చెప్పాను. “అది నీ పెట్టెకు తెలుసు. నా చెవికెలా తెలుస్తుంది?” అంది.

మీ ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే ఉంది. మోహన రిషభాన్ని షడ్జమం చేసుకుంటే అవే ఐదు స్వరాలు మధ్యమావతి అవుతాయి. గాంధారాన్ని చేసుకుంటే హిందోళం, పంచమాన్ని చేసుకుంటే శుద్ధ సావేరి. గ్రహభేదం అంటే ఇదే కదా. క్వాంటైజర్ చేసేది వచ్చిన వోల్టేజిని దగ్గరి స్వరానికి సర్దడమే. ఒక స్థాయికి ఒక వోల్టు లెక్కన రిషభం 0.167, గాంధారం 0.333, పంచమం 0.583, ధైవతం 0.75. ఈ అంకెల్లో షడ్జమం, అంటే రాగం తిరిగి చేరే ఇల్లు, ఏదో ఎక్కడా లేదు. మీ ప్యాచ్ ఒకేసారి నాలుగైదు రాగాల మధ్య తిరుగుతోంది, చెవి దేన్నీ పట్టుకోలేకపోతోంది.

ముందు తంబూరాలా ఆగకుండా మోగే శ్రుతి పెట్టండి. రెండు ఆసిలేటర్లు (ధ్వని పుట్టించే మాడ్యూళ్లు), ఒకటి మంద్ర షడ్జమం, ఒకటి పంచమం, మీద ఫిల్టర్ కాస్త మూసి ఉంచండి. ఇంకేమీ మార్చకపోయినా అవే స్వరాలు మోహనలో కూర్చుంటాయి. నేను మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది.

అప్పుడు ఇంకో లోపం బయటపడుతుంది. శ్రుతి పక్కన గాంధారం గరగరలాడుతుంది. షడ్జమం 261.6 హెర్ట్జ్ అయితే శ్రుతిలోంచి తనంతట తాను పలికే అంతర గాంధారం 327, స్థాయిని 12 సమాన భాగాలు చేసే క్వాంటైజర్ ఇచ్చే గాంధారం 329.6. శ్రుతి షడ్జమానికీ ఈ గాంధారానికీ ఉన్న పై అనుస్వరాలు (ఓవర్‌టోన్లు) ఒకదానితో ఒకటి ఢీకొని సెకనుకు దాదాపు పది అలలు వినిపిస్తాయి. స్వరస్థానాలను మనమే నిర్ణయించుకోనిచ్చే క్వాంటైజర్ తీసుకుని గాంధారాన్ని 0.322 వోల్టుకు దించండి. ఈ పని మాత్రం వాయిదా వేయకండి.

తర్వాత, తిరిగి రావడం నియమం కావాలి. దెబ్బలిచ్చే క్లాక్‌ను 16తో భాగించే డివైడర్ పెట్టి, ఆ ఒక్క దెబ్బకు మాత్రం స్విచ్ యాదృచ్ఛిక వోల్టేజిని పక్కన పెట్టి సున్నా వోల్టు పంపేలా కలపండి. అక్షరానికి రెండు దెబ్బలు అనుకుంటే అది ఆదితాళం ఒక ఆవర్తనం. మిగతా 15 దెబ్బలూ ఎటు తిరిగినా సమానికి, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకు, షడ్జమం మీదికి వస్తుంది. స్వరకల్పనలో మనవాళ్లు చేసేదీ ఇదే: మధ్యలో స్వేచ్ఛ, ఎత్తుగడకు (పాట పంక్తి మొదలయ్యే చోటికి) మాత్రం కచ్చితంగా చేరాలి.

దూకుళ్లు ఎక్కువైతే పూర్తి యాదృచ్ఛికతను తగ్గించండి. 1970లలో భౌతిక శాస్త్రవేత్తలు రిచర్డ్ వాస్, జాన్ క్లార్క్ దీన్ని పరీక్షించారు. తెల్లని నాయిస్‌తో (ఒక విలువకు మరోదానితో సంబంధం లేని పూర్తి యాదృచ్ఛికతతో) చేసిన వరుసలు వినేవారికి మరీ చెల్లాచెదురుగా, అడుగడుగునా పక్క స్వరానికే జరిగేవి మరీ విసుగ్గా అనిపించాయి. రెంటికీ మధ్యలో ఉన్నవే నచ్చాయి. నేను 20 సెకన్లకు ఒకసారి ఎక్కి దిగే ఎల్ఎఫ్ఓ (నెమ్మదిగా ఊగే వోల్టేజి ఇచ్చే ఆసిలేటర్) తీసుకుని దానికి కొద్దిగా యాదృచ్ఛిక వోల్టేజి కలుపుతాను. టామ్ విట్‌వెల్ రూపొందించిన ట్యూరింగ్ మెషీన్ మాడ్యూల్ కూడా చాలా మంచిది. అందులో 16 బిట్ల వరుస తిరుగుతుంటుంది, ప్రతి బిట్ మారే అవకాశం ఎంతో నాబ్ నిర్ణయిస్తుంది. పూర్తిగా కుడికి తిప్పితే వరుస మారకుండా అలాగే తిరుగుతుంది. దానికి కాస్త ఇవతల ఆపితే ఒక్కో ఆవర్తనంలో ఒకటీ రెండూ స్వరాలే మారతాయి. చెవికి పాతది గుర్తుంటుంది, కొత్తది తెలుస్తుంది.

మోహన కుదిరాక బిలహరి రాగం ప్రయత్నించండి. ఆరోహణ మోహన, అవరోహణ శంకరాభరణం కాబట్టి ఒక్క క్వాంటైజర్ చాలదు. రెండు పెట్టాలి. అనలాగ్ షిఫ్ట్ రిజిస్టర్‌లో వెనకటి వోల్టేజిని ఉంచి, కొత్తదాన్ని దానితో కంపారేటర్‌లో పోల్చండి. ఎక్కువైతే స్విచ్ మోహన క్వాంటైజర్ వైపు, తక్కువైతే శంకరాభరణం వైపు. నాకు వారం పట్టింది. ఎల్ఎఫ్ఓ దిగడం మొదలవగానే తార షడ్జమం తర్వాత తొలిసారి నిషాదం పలికింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది, తొడ మీద తాళం వేసింది. గమకం లేదని మాత్రం అంది. వోల్టేజి ఒక్కసారిగా మారకుండా మెల్లగా మారేలా చేసే స్లూ మాడ్యూల్‌తో జారుడు తెప్పించాను కానీ అన్ని స్వరాలూ ఒకేలా జారుతున్నాయి, అది గమకం కాదు. గాంధారానికి ఒక రకం, ధైవతానికి ఇంకో రకం ఊపు ఎలా ఇవ్వాలో ఇప్పుడు చూస్తున్నాను. మీ ప్యాచ్ బొమ్మ పెడితే శ్రుతి ఎక్కడ కలపాలో గుర్తుపెట్టి చూపిస్తాను.