ఆమెను మళ్లీ ఒకసారి కలువు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఉపాధి పనుల లెక్కల్ని జనం ముందు సరిచూసే సామాజిక తనిఖీ మీద మండలంలో ప్రజావేదిక జరుగుతుంటే ఆ కూలీ లేచి, "నేను పోని పనికి నా పేరు మీద మస్టర్‌లో హాజరు ఎట్లా వేశారు?" అని అడిగిన చోట ఒళ్లు జలదరించింది. చాలా బాగా రాశావు. అచ్చుకి పంపేముందు మాత్రం ఆమె దగ్గరికి మళ్లీ ఒకసారి వెళ్లు.

ఆమె పేరు, వీధి, భర్త పేరు అన్నీ రాసేశావు. అందరి ముందూ చెప్పిందే కదా అంటావు. నిజమే. కానీ అక్కడ ఆమె పక్కన తోటి కూలీలున్నారు, అధికారులున్నారు. నీ వ్యాసం వచ్చిన మర్నాడు పనికి ఆమె ఒక్కతే పోవాలి.

ముప్పై ఏళ్ల కిందట ఒక రేషన్ దుకాణంలో తూకం మోసం గురించి రాశాను. నాకు చెప్పిన ముసలమ్మ పేరు కూడా వేశాను. తూకం సరైంది, నన్ను అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఆ ఊరెళితే ఆమె అరుగు మీద నూకలు చెరుగుతూ కనిపించింది. రెండు నెలలుగా ఆమెకు మాత్రం కిరసనాయిలు "స్టాకు లేద"ట. "నువ్వు బస్సెక్కి పోయావు నాయనా, నేనెక్కడికి పోను?" అంది. చేట వంక చూస్తూనే అంది. నాకు నోట మాట రాలేదు.

అలాగని రాయొద్దని కాదు, తల్లీ. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోడానికి కూడిన ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకుని, ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ సంగతి వయోజనుల వాచకంలో పాఠమై ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దూబగుంటలో ముందు నిలిచిన రోశమ్మ పేరు మనందరికీ తెలుసు, కానీ ఆమెతోపాటు ఊరి ఆడవాళ్లు కదిలారు. ఒక్క మనిషి మీద కక్ష తీర్చుకున్నంత తేలిగ్గా ఊరి మీద తీర్చుకోలేరు.

కాబట్టి దొంగ మస్టర్లలో పేర్లు పడ్డ మిగతావాళ్లనీ కలువు. పదిమంది సరేనంటే పది పేర్లూ వెయ్యి. ఆమె వద్దంటే తీసెయ్యి, మస్టర్ తేదీలు చాలు.

ఇంకోటి. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ని దొంగ అన్నావు. ఆ మాట కొట్టేసి, తనిఖీ నివేదిక ఏం తేల్చిందో అదే రాయి. పరువునష్టం కేసు సంగతి అలా ఉంచు, అతను ఏమంటాడో నువ్వు అడగనే లేదు. అతనూ ఆ ఊళ్లోనే పిల్లల్ని బడికి పంపాలి.

వ్యాసం ప్రింటు తీసుకెళ్లి ఆమెకు మొత్తం చదివి వినిపించు. ఏమందో రాత్రికి నాకు ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.