గెలిచిన దేశంలో రొట్టెకు రేషన్

ప్రశ్న: మా తాతగారు ఇక్కడి అజంజాహీ బట్టల మిల్లు కార్మికులు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పల్లెల్లో లెవీ ధాన్యం కోసం పెట్టిన బాధల గురించి ఆయన చెబుతుండేవారు. యుద్ధం గెలిచిన బ్రిటన్‌లో సామాన్యులు సుఖపడి ఉంటారనుకున్నాను. అక్కడ 1954 వరకు రేషన్ ఉండేదట, నిజమేనా? వారి బతుకులు ఎలా మారాయి?
– ఒక పాఠకురాలు, కొత్తవాడ, వరంగల్

జవాబు: నిజమేనమ్మా. యుద్ధమంతా రేషన్ లేకుండా దొరికిన రొట్టెకు, యుద్ధం ముగిశాక 1946 జూలైలో రేషన్ పెట్టి రెండేళ్లు కొనసాగించారు. ప్రపంచమంతటా గోధుమల కొరత ఏర్పడడం, దిగుమతులకు డాలర్లు చాలకపోవడం, తమ అధీనంలోని జర్మనీ ప్రాంతానికీ తిండి సమకూర్చవలసి రావడం ఇందుకు కారణాలు. మాంసంపై రేషన్ 1954 జూలైలో గానీ తొలగలేదు.

అయితే ఆ కటకట రోజుల్లోనే అసలు మార్పు మొదలైంది. అది ముందుగా ఇల్లాలికి అందిందని నా అభిప్రాయం. 1911 నాటి బీమా చట్టం పనిచేసే కార్మికుడికి వైద్యం కల్పించిందే తప్ప, అతని భార్యాపిల్లలకు సాధారణంగా కల్పించలేదు. అందువల్ల డాక్టరు ఫీజుకు వెరచి జబ్బును ఏళ్ల తరబడి లోలోపలే భరించిన తల్లులకు, 1948 జూలై 5న ఉచిత జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. దాన్ని నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బెవాన్ గని కార్మికుడి కొడుకు. కళ్లద్దాలకు, కట్టుడు పళ్లకు రుసుము విధించాలని ప్రభుత్వం నిర్ణయించగా, 1951లో ఆయన పదవినే వదులుకున్నారు.

ఎలినార్ రాత్‌బోన్ అనే పార్లమెంటు సభ్యురాలి గురించి మన దగ్గర తెలిసినవారు తక్కువ. పిల్లల పోషణకు ప్రభుత్వమిచ్చే భత్యం తల్లి చేతికే అందాలని ఆమె దశాబ్దాల పాటు పోరాడారు. తండ్రికి చెల్లించేలా రూపొందిన బిల్లును మార్పించి, 1945లో చట్టం తెచ్చేదాకా విశ్రమించలేదు. రెండో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి వారానికి 5 షిల్లింగులు చొప్పున 1946 ఆగస్టులో చెల్లింపు మొదలైంది. ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూసిన ఆమె దాన్ని చూడలేకపోయారు. భర్త జీతం ఎంతో కూడా తెలియని ఇల్లాలికి సొంతంగా వచ్చిన ఆ కొద్దిపాటి డబ్బు ఎంత ధైర్యమో, మిల్లు కుటుంబంలో పెరిగిన మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇళ్ల పరిస్థితి మాత్రం నెమ్మదిగా మారింది. 1951 జనాభా లెక్కల నాటికి మూడోవంతుకు పైగా కుటుంబాలకు ఇంట్లో స్నానపు తొట్టి లేదు. 1950ల్లో పనికి కొదవ లేక, జీతాలు పెరిగి, టీవీలు, బట్టలు ఉతికే యంత్రాలు కార్మికుల ఇళ్లకూ చేరాయి. కానీ మీ తాతగారి వృత్తికి పుట్టినిల్లయిన, బ్రిటన్‌లోని లాంకషైర్ ప్రాంతంలో అదే కాలంలో మిల్లులు మూతపడసాగాయి. ఒకప్పుడు మన మార్కెట్లను తన బట్టతో ముంచెత్తిన ఆ దేశమే, 1958 నాటికి అమ్మేదానికన్నా ఎక్కువ నూలు బట్టను బయటి నుంచి కొనుక్కొంది.